నక్షత్ర చేపలను ఎవరు ‘పంపిణీ’ చేశారు?

సందేహం: ‘తీర జలాలలో నక్షత్ర చేపలు, ఇతర కంటకచర్ముల పంపిణీ, వైవిధ్యత’ అని ఒక పాఠంలో చదివాను. పంపిణీ, వైవిధ్యత సరైన ప్రయోగాలేనా? చేప కానిదాన్ని చేప అనవచ్చునా?

సమాధానం: కంటకచర్ములంటే నక్షత్ర చేపల్లా ముళ్ల చర్మం ఉన్న సముద్ర జీవులు. వాటి విషయంలో ‘పంపిణీ’ పొసగదు. బియ్యం, పాఠ్యపుస్తకాలు, ఓటరు చీటీలు పంపిణీ అవుతాయి. పంచేవారు, పుచ్చుకునేవారు ఉంటేనే ఆ మాటకు అర్థం. జీవులు తమకు అనువైన చోట బతుకుతాయి. కొందరు హిందీని చూసి ‘వితరణ’ అంటున్నారు. తెలుగులో వితరణ అంటే దానం, దాతృత్వం. అది మరీ దూరం.

ఇక్కడ ‘వ్యాప్తి’ రాయాలి. రోగాల వ్యాప్తి గుర్తొచ్చి వెనకాడేవారున్నారు. వ్యాపించడానికీ, వ్యాపించి ఉండడానికీ ఈ మాట సమానంగా చెల్లుతుంది. పైగా తర్కశాస్త్రంలో ‘ఎక్కడ పొగ ఉందో అక్కడ నిప్పు ఉంది’ అనే తప్పని సంబంధానికి పేరు వ్యాప్తే. కంటకచర్ములకూ ఉప్పునీటికీ ఉన్నది సరిగ్గా అలాంటి సంబంధమే. సుమారు 7,000 జాతులున్నా మంచినీటిలో బతికేది ఒక్కటీ లేదు. ఒంట్లోని ఉప్పు పాళ్లను అదుపు చేసుకునే ప్రత్యేక అవయవాలు వాటికి లేవు. లోపలి ద్రవం ఇంచుమించు బయటి సముద్రపు నీటిలాగే ఉంటుంది. అందుకే గోదావరి, కృష్ణ వరదనీరు సముద్రంలో కలిసే చోట వీటిలో చాలా జాతులు నిలవలేవు. అండమాన్, లక్షద్వీప్ దీవుల్లోనూ మన్నార్ సింధుశాఖలోనూ ఉన్న పగడపు దిబ్బల్లో మాత్రం సముద్ర దోసకాయలు, సీ అర్చిన్లు, పెళుసు నక్షత్రాలు వంటి కంటకచర్ములు ఎన్నో రకాలు కనిపిస్తాయి. ఇసుక నేలల్లో ఒళ్లు పూడ్చుకుని బతికే ఆస్ట్రోపెక్టెన్ వంటి నక్షత్ర చేపలది మరో దారి. ఇంత సంగతిని ‘పంపిణీ’ మోయలేదు. శీర్షికలో వ్యాప్తి అనండి. వాక్యంలోనైతే ‘ఏవి ఎక్కడెక్కడ ఉంటాయి’ అంటే ఇంకా హాయి.

‘వైవిధ్యత’ తప్పు. ‘వివిధ’ అనే విశేషణం నుంచి పుట్టిన వైవిధ్యం అప్పటికే భావవాచకం. దానికి మళ్లీ ‘త’ అక్కర్లేదు.

నక్షత్ర చేపకు వెన్నెముక లేదు, చేపకుండే మొప్పలూ రెక్కలూ లేవు. గొట్టాల్లాంటి పాదాలతో నేలను పట్టుకుని పాకుతుంది. అయినా జనంలో ఆ పేరు పాతుకుపోయింది, కథల్లోనూ వార్తల్లోనూ వాడుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో మాత్రం ‘సముద్ర నక్షత్రం’ అనే రాయాలి. అక్కడ చదివిన ‘చేప’ను పిల్లలు నిజంగానే చేపల జాబితాలో చేరుస్తారు.