సిస్టమ్ క్రాష్ అయితే ఫ్యాన్ ఆగిపోతుందా?

ఆగదండీ. క్రాష్ అయిన క్షణంలో అది ఏ స్పీడులో ఉంటే ఆ స్పీడులోనే ఉండిపోవచ్చు, అసలు చిక్కు అది. మీరు లినక్స్‌లో ఫ్యాన్ స్పీడు మార్చే ఫ్యాన్‌కంట్రోల్ అనే స్క్రిప్టు పెట్టుకుని శబ్దం తగ్గించానని, రాత్రంతా నడిచే మెషీన్ ఎవరూ చూడనప్పుడు హ్యాంగ్ అయితే ప్రాసెసర్ కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేనూ హార్డ్ డిస్కులు నిండా ఉన్న సర్వర్ ఒకటి ఇలాగే నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మదర్‌బోర్డు మీద సూపర్ ఐఓ అనే చిన్న చిప్ ఉంటుంది. చాలా బోర్డుల్లో అది నువోటన్‌దో ఐటీఈదో అయి ఉంటుంది. ఫ్యాన్‌కు సిగ్నల్ పంపేది అదే. ల్యాప్‌టాప్‌లో ఈ పని ఎంబెడెడ్ కంట్రోలర్ చూసుకుంటుంది. బయాస్‌లో (మెషీన్ ఆన్ కాగానే నడిచే బోర్డు ప్రోగ్రామ్) ఇచ్చిన కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత స్పీడు అనే లెక్క ప్రకారం చిప్ తనంతట తానే వేడి చూసి స్పీడు మారుస్తుంది. దానికి ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిలేదు. లినక్స్ మూలభాగమైన కెర్నల్ చేతులెత్తేసే కెర్నల్ ప్యానిక్ వచ్చినా, విండోస్‌లో బ్లూ స్క్రీన్ వచ్చినా దాని పని అది చేసుకుపోతుంది.

ఫ్యాన్‌కంట్రోల్ మొదలవగానే ఈ ఏర్పాటు మారిపోతుంది. అది ఫ్యాన్ మోడ్‌ను నిర్ణయించే పీడబ్ల్యూఎమ్1_ఎనేబుల్ అనే ఫైల్‌లో 1 రాస్తుంది, అంటే మాన్యువల్. ఇక చిప్ వేడిని పట్టించుకోదు, చివరిసారి రాసిన విలువనే పట్టుకుని కూర్చుంటుంది. ఆ విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది, 255 అంటే ఫుల్ స్పీడు. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు 70 రాసి, ఆ తర్వాత కెర్నల్ హ్యాంగ్ అయిందనుకోండి, మీరు వచ్చి పవర్ బటన్ నొక్కేదాకా 70యే. పైగా ప్యానిక్ అయ్యాక లినక్స్‌లో ఒక కోర్ ఖాళీ లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వేడి పుట్టడం కూడా ఆగదు.

నా సర్వర్‌కు ఇదే జరిగింది. బ్యాకప్ మధ్యలో నెట్‌వర్క్‌కు జవాబివ్వడం మానేసింది. వెళ్లి చూస్తే ఫ్యాన్లు ఎప్పటిలాగే నింపాదిగా తిరుగుతున్నాయి, కేస్ పక్క రేకు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, అవుతుందని నేనూ అనుకోలేదు. ఇప్పటి ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర్లో తమంతట తామే నెమ్మదిస్తాయి. ఇంకా పెరిగితే థర్మ్‌ట్రిప్ అనే సిగ్నల్ ఎవరినీ అడక్కుండా పవర్ కట్ చేస్తుంది. హీట్‌సింక్ తీసేస్తే చిప్ పొగలు కక్కడం 2001 ప్రాంతంలోని అథ్లాన్ల నాటి మాట. హార్డ్ డిస్కులకు మాత్రం అలాంటి రక్షణ లేదు. చాలా డిస్కులకు తయారీదారు ఇచ్చే పరిమితి 60 డిగ్రీలే. ప్రాసెసర్ గురించి అందరూ భయపడతారు గానీ, నా భయమంతా వాటి గురించే.

ఆ తర్వాత నేను చేసిన ముఖ్యమైన మార్పు, ఫ్యాన్‌ను స్క్రిప్టుతో నడపడం మానేయడం. బయాస్‌లో మంచి కర్వ్ పెట్టుకోగలిగితే అదే చాలు. బయాస్‌లో వీలు కాకపోతే, నువోటన్ చిప్‌ల డ్రైవర్‌లో పీడబ్ల్యూఎమ్1_ఆటో_పాయింట్ పేరుతో ఉండే ఫైళ్లలో కర్వ్ రాసి, ఎనేబుల్‌ను 5 చేయొచ్చు. బూట్ అయినప్పుడు ఒకసారి రాస్తే చాలు, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉన్నా పోయినా చిప్ చూసుకుంటుంది. ఈ 5 అన్ని చిప్‌లకూ వర్తించదు, ఐటీఈ చిప్‌లలో ఆటోమేటిక్ అంటే 2. ఫ్యాన్‌కంట్రోల్ ముట్టుకోకముందు మీ దగ్గర ఏ అంకె ఉందో చూసి రాసి పెట్టుకోండి. చిప్‌కు డిస్కుల వేడి కనిపించదు కాబట్టి వాటి ముందున్న ఫ్యాన్‌ను నేను ఎండాకాలానికి కూడా సరిపోయే ఒకే స్పీడులో వదిలేశాను. కాస్త శబ్దం వస్తుంది, రానీయండి.

ఫ్యాన్‌కంట్రోలే ఉంచుకోవాలనుకుంటే దాని సెట్టింగ్స్‌లో కనిష్ఠ స్పీడు చెప్పే మిన్‌పీడబ్ల్యూఎమ్‌ను సున్నా చేయకండి. మామూలుగా ఆపితే అది పాత మోడ్‌ను తిరిగి పెట్టో, ఫుల్ స్పీడు ఇచ్చో పోతుంది. కిల్ -9తో, అంటే బలవంతంగా ఆపేస్తే, ఆ అవకాశమే ఉండదు. లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డిలో, ఫ్యాన్‌కంట్రోల్ సర్వీసుకు ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ అనే లైను పెట్టి, అందులో ఆటోమేటిక్ అంకె తిరిగి రాయించండి. ప్రోగ్రామ్ ఎలా చచ్చినా ఆ లైను నడుస్తుంది. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల డ్రైవర్‌లో ఫ్యాన్ వాచ్‌డాగ్ ఉంది, అంటే గడువులోగా కొత్త ఆదేశం రాకపోతే తానే చొరవ తీసుకునే టైమర్, 1 నుంచి 120 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. కానీ అది కెర్నల్ లోపలే ఉంటుంది, కెర్నలే బిగుసుకుపోతే దానికీ దిక్కులేదు.

కెర్నల్ బిగుసుకుపోయినప్పుడు ఆదుకునేది హార్డ్‌వేర్ వాచ్‌డాగ్, అంటే బోర్డు మీదే ఉండే అలాంటి టైమర్. ఇంటెల్ బోర్డుల్లో ఐటీసీఓ_డబ్ల్యూడీటీ, ఏఎండీలో ఎస్‌పీ5100_టీసీఓ డ్రైవర్ లోడ్ అయి ఉందో లేదో చూడండి. సిస్టమ్‌డి సెట్టింగ్స్‌లో రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్‌ను 30 చేస్తే, అన్ని సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే బోర్డే రీసెట్ చేస్తుంది. కెర్నల్.ప్యానిక్ = 10 అని కూడా పెట్టండి, ప్యానిక్ అయిన 10 సెకన్లకు రీబూట్ అవుతుంది. సాధారణంగా రీబూట్‌లో బయాస్ చిప్‌ను మళ్లీ ఆటోమేటిక్‌కు తెస్తుంది.

నాలుగు పిన్నుల ఫ్యాన్లకు ఒక మంచి గుణం ఉంది, కంట్రోల్ వైరు ఊడిపోతే ఫుల్ స్పీడుకు వెళ్తాయి. మూడు పిన్నుల వాటిని వోల్టేజీతో నడుపుతారు కాబట్టి మరీ తగ్గిస్తే ఆగిపోతాయి కూడా.

ఇవన్నీ పెట్టాక పరీక్షించకుండా వదలకండి. పనులన్నీ ఆపి, డేటా డిస్కులోకి చేరేలా సింక్ కొట్టి, కెర్నల్.ప్యానిక్‌ను కాసేపు 0 చేసి (లేకపోతే వాచ్‌డాగ్ కన్నా ముందే అది రీబూట్ చేసేస్తుంది), రూట్‌గా, కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైల్‌లోకి సి అక్షరం పంపండి. నిజంగానే కెర్నల్ క్రాష్ అవుతుంది. నిమిషంలోపు మెషీన్ దానంతట అదే రీబూట్ కాకపోతే మీ వాచ్‌డాగ్ పనిచేయడం లేదన్నమాట. అప్పుడు ఏ డ్రైవర్ లోడ్ అయిందో, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఏం వస్తోందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.