చుక్కలు పోయాయని తొందరపడకురా

కిట్టూ,

ఉప్పునీటి ట్యాంకు పెట్టావని, ఆదివారం రెండు క్లౌన్ ఫిష్, ఒక టాంగ్ (రెండూ సముద్రపు చేపలే) తెస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నప్పుడు చేపల తొట్టి గాజుకి ముక్కు ఆనించి అన్నం కూడా మర్చిపోయేవాడివి, ఇంతవాడివయ్యావంటే ఎంత సంతోషమో. కొత్త చేపల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకు పెట్టాడా అంటే మాత్రం "అదేంటన్నయ్యా" అంది. ఇక నిద్ర పట్టలేదు.

ఆదివారం చేపలు తేవద్దు. ముందు క్వారంటైన్‌కి 80 లీటర్ల ట్యాంకు, హీటరు, ఎయిర్ పంపు, స్పాంజి ఫిల్టరు, దాక్కోడానికి పీవీసీ ఎల్బోలు (వంపు పైపు ముక్కలు) సిద్ధం చెయ్యి. ఇసుక, రాళ్ళు, కార్బన్ వద్దు, పురుగుల్ని చంపడానికి మనం వేసే కాపర్ మందుని పీల్చేస్తాయి. స్పాంజికి మంచి బ్యాక్టీరియా పట్టాలంటే, పెద్ద ట్యాంకు సంపులో (దాని కింద ఉండే ఫిల్టరు తొట్టిలో) నెల రోజులు నానాలి. లేకపోతే చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమోనియా వారం తిరక్కుండా వాటిని చంపేస్తుంది. అమోనియా పెరిగితే నీళ్ళు మార్చు. అమోనియాని కట్టేసే మందులు కాపర్‌తో కలిస్తే విషం.

ఇక అందరూ చేసే పొరపాటు. టాంగ్ రెక్కల మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలొస్తాయి. కాపర్ వేస్తారు. నాలుగో రోజుకి చుక్కలుండవు. తగ్గిందనుకుని పెద్ద ట్యాంకులో వదిలేస్తారు. అవి మందుకి పోలేదురా, వాటి గడువు తీరి రాలిపోయాయంతే. ఆ చుక్కల్లో ఉండే పురుగు చేప చర్మంలో మూడు నుంచి ఏడు రోజులు తిని బలిసి, కింద పడి, గాజుకో పైపుకో అంటుకుని పెంకు కట్టుకుంటుంది. చర్మంలో ఉన్నా, పెంకులో ఉన్నా కాపర్ దాన్నేం చెయ్యలేదు. పెంకులోంచి వందల పిల్లలు బయటికొచ్చి చేపని వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజుల్లోనే కాపర్‌కి దొరుకుతుంది. కొన్ని పెంకులు వారంలో పగిలితే, కొన్నిటికి నెల పడుతుంది. మొప్పల్లో చేరినవి కంటికి కనపడనే కనపడవు. పెద్ద ట్యాంకులోకి ఒక్కటి వెళ్ళిందా, చేపలన్నీ తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచాల్సిందే. పగడాలు, రొయ్యలు ఉన్నచోట కాపర్ వెయ్యలేవు కదా.

అందుకే క్వారంటైన్‌లో 30 రోజులు కాపర్ ఉండాలి. చీలేటెడ్ కాపర్ (నీళ్ళలో నిలకడగా ఉండేలా వేరే పదార్థంతో కట్టిన రకం) అయితే 2.25 నుంచి 2.5 పీపీఎం, అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు. ఒక్కసారే పొయ్యకు, మూడు రోజుల్లో ఎక్కించు. రంగు చూసి పోల్చే కిట్టు నమ్మకు, కాపర్ కొలిచే హై రేంజ్ డిజిటల్ చెకర్ కొను. నీళ్ళు మార్చేటప్పుడు కొత్త బకెట్లో కూడా అంతే కాపర్ కలిపి పొయ్యి. రీడింగు 2 కిందికి దిగితే మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క, బద్ధకించావో ఊరుకోను.

చుక్కలు కాకుండా ఒంటిమీద సన్నగా పిండి అద్దినట్టుండి, చేప మేత మాని గబగబా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే ఇంకో పురుగు జబ్బు. వైద్యం మొదలుపెట్టడానికి తెల్లారేదాకా ఆగకు. క్లౌన్ ఫిష్ ఒంటినుంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది వేరే జబ్బు, కాపర్ పనిచెయ్యదు, ఫార్మలిన్ అనే ఘాటైన రసాయనం కావాలి. అది మనిషికీ ప్రమాదమే నాయనా, నాకు ఫోన్ చెయ్యకుండా సీసా మూత తియ్యకు.

బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తెచ్చిపెట్టుకో, కరెంటు పోతే చిన్న ట్యాంకు గంటల్లోనే ఉక్కిరిబిక్కిరైపోతుంది. రోజూ రీడింగు నాకు వాట్సాప్ చెయ్యి, రాత్రి పదకొండైనా సరే.

మీ మామయ్య