మాల తీసినా మాంసం వద్దంటున్నారు... ఇల్లంతా మానేయాలా?

ప్రశ్న: మా వారు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. ఈసారి జనవరిలో శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక కూడా మాంసం ముట్టలేదు. "ఒళ్లు తేలిగ్గా ఉంది, బీపీ తగ్గింది, ఇక ఈ ఇంట్లోకి గుడ్డు కూడా రావద్దు" అంటున్నారు. మా అత్తయ్యకు 66 ఏళ్లు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతారు. వారానికి రెండుసార్లు చేపల పులుసు లేకపోతే ఆవిడకు ముద్ద దిగదు. పాపకు 14, బాబుకు 9. ఇద్దరికీ ఆయన లేనప్పుడు ఆమ్లెట్ వేసి పెడుతున్నా. నాకు 38 ఏళ్లు, హిమోగ్లోబిన్ 9.4 ఉంది. రోజూ రెండు వంటలతో నా పని అయిపోతోంది. అందరం శాకాహారానికి మారితే మంచిదేనా? పిల్లల ఎదుగుదల ఆగదా? ఆయనకెలా చెప్పాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు మీ రక్తం సంగతి చూద్దాం. ఉత్తరంలో దాన్ని మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ, ఇంటి మొత్తంలో ఇప్పటికిప్పుడు చూడాల్సింది అదే. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 9.4 అంటే ఒక మోస్తరు రక్తహీనత. ఈ లోటు తిండితో పూడదు. కోడికూర తిన్నా తోటకూర తిన్నా అంతే. మాత్రలు కావాలి, మోతాదు డాక్టరు చెబుతారు. ఐరన్ మాత్రను పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. వాటికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. పరగడుపున వికారం అనిపిస్తే తిన్న తర్వాత వేసుకోండి, మానేయడం కన్నా అది నయం. విరేచనం నల్లగా వస్తే భయపడకండి. రక్తం మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వ చేరుతుంది.

"మాంసం మానేస్తే నాకు రక్తం ఎలా పడుతుంది?" అని మీ వారిని నిలదీయాలనిపించవచ్చు. అది బలమైన వాదన కాదు. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా జనం మాంసాహారులే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అదే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. ఆదివారం అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన రెండు ముక్కలు ఇంటి ఇల్లాలి రక్తాన్ని నిలబెట్టలేవు. నెలసరిలో పోయే రక్తం, కడుపులో నులిపురుగులు, అన్నం తిన్న వెంటనే తాగే టీ దాన్ని ఇంకా లాగేస్తాయి.

ఇక మీ వారి మాట. ఒళ్లు తేలికైందంటే నమ్మండి. కానీ ఆ గొప్పంతా మాంసం మానేసినందుకే కట్టబెట్టలేం. మాలలో ఉన్నన్నాళ్లూ మందు లేదు, సిగరెట్ లేదు, పగలు ఒకపూట భోజనం, రాత్రికి అల్పాహారం, తెల్లవారుజామునే లేవడం. ఇవన్నీ కలిస్తే మాంసంతో సంబంధం లేకుండానే 41 రోజుల్లో బీపీ దిగవచ్చు. ఆయన మాంసం మాని, మిగతావి మళ్లీ మొదలుపెట్టి ఉంటే లెక్క తారుమారవుతుంది.

శాకాహారంతో లాభం మాత్రం నిజమే. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బరువు అదుపులో ఉంటుంది, పీచు పెరిగి మలబద్ధకం పోతుంది. బ్రిటన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ఇచ్చిన లెక్కల్లో శాకాహారులకు గుండెకు రక్తం అందని జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది. అదే లెక్కల్లో పక్షవాతం 20 శాతం ఎక్కువగానూ కనిపించింది. ఈ రెండో సంగతి వాట్సాప్‌లో ఎవరూ పంపరు. సాసేజ్‌లు, సలామీల వంటి నిల్వ మాంసం క్యాన్సర్ తెస్తుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. మీ ఇంట్లో చేపల పులుసు ఆ జాబితాలోది కాదు.

మన ఇళ్లలో శాకాహారం ఎక్కడ బెడిసికొడుతుందంటే, పళ్లెంలోంచి మాంసం కూర తీసేసి ఆ ఖాళీని అన్నంతో నింపినప్పుడు. ఆలుగడ్డ వేపుడు, పచ్చడి, అప్పడాలు, పలుచటి చారు, పైన రెండు గరిటెల అన్నం అదనం. కొన్నాళ్లకు పొట్ట పెరిగి, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు), షుగర్ పెరిగి "నేను శాకాహారినే, ఇదెలా వచ్చింది?" అంటారు. ఐదుగురికి ఒక టీ గ్లాసు కందిపప్పుతో పప్పుచారు కాస్తే మనిషికి దక్కేది 15 గ్రాముల పప్పు, అంటే మూడున్నర గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. ఉలవచారు కాచి ఉలవల్ని పశువులకు పెట్టే ఇళ్లలో అయితే ప్రొటీన్ చాలామటుకు గేదెకే పోతుంది. ఆ ఉలవల్ని గుగ్గిళ్లు చేసుకోండి.

55 కిలోల మనిషికి రోజుకు 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. మన తిండిలో ఎక్కువ భాగం గింజలే కాబట్టి కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున 55 వేసుకుంటే నిశ్చింత. అది ఇలా వస్తుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు (14 గ్రాములు). మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నం, మనిషికి 30 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పో పాలకూర పప్పో, ఒక గిన్నెడు పెరుగు (18 నుంచి 19). సాయంత్రం గుప్పెడు పల్లీలు (6). రాత్రి రెండు జొన్నరొట్టెలు, 30 గ్రాముల శనగల కూర (12). పడుకునే ముందు గ్లాసు పాలు (6). ప్రొటీన్ తయారయ్యే ముడిసరుకుల్లో లైసిన్, మెథియోనిన్ అని రెండున్నాయి. బియ్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం ఇస్తుంది. బియ్యం, పప్పు ఒకే ముద్దలో ఉండాలని లేదు, రోజులో రెండూ పడితే చాలు. 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 26 గ్రాములు, అంటే నాలుగు గుడ్లంత ఉంటుంది. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పిండి పారబోసి వండితే వాసన రాదు.

పప్పులు ఒక్కసారిగా పెంచితే పిల్లల నుంచి అత్తయ్య దాకా అందరికీ కడుపుబ్బరమే. చాలా ఇళ్లలో శాకాహారం రెండో వారంలో ఆగిపోవడానికి కారణం ఇదే. మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. శనగలు, బొబ్బర్లు ఎనిమిది గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించి, ఇంగువ, వాము వేయండి. నానితే, మొలకెత్తితే, పిండి పులిస్తే గింజల్లో ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గి ఐరన్, జింక్ కూడా బాగా అందుతాయి. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. పొయ్యి దింపాక నిమ్మరసం పిండండి, మరిగేటప్పుడు పిండితే విటమిన్ సి కొంత పోతుంది. భోజనంతో పాటు సగం జామకాయ ఇంకా మేలు. టీ, కాఫీ తిన్న గంట తర్వాతే.

చెట్టూ చేమా ఇవ్వలేనిది విటమిన్ బి12. పుట్టగొడుగులు, స్పిరులినా అని చెప్పేవాళ్లను నమ్మకండి. పెద్దవాళ్ల కాలేయంలో రెండు మూడేళ్లకు, ఒక్కోసారి అంతకు మించి సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే దీక్షలో ఎవరికీ తేడా తెలియదు. ఆ నిల్వ తరిగాక అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, నాలుక మండటం, మతిమరుపు మొదలవుతాయి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడితే రక్తం బాగున్నట్టే కనిపించి లోపల నరాలు దెబ్బతింటూనే ఉండవచ్చు. పాలు, పెరుగు అరలీటరు దాకా తీసుకునేవాళ్లకు చాలావరకు గడిచిపోతుంది. పాలు పడని వాళ్లు, పూర్తిగా మానేసినవాళ్లు మాత్ర వేసుకోవాల్సిందే. మీ అత్తయ్య విషయం వేరు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఆమెకు చేపలు ఆపేముందు బి12 పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు వస్తే డాక్టరు మందులు మొదలుపెడతారు. నన్నడిగితే ఆ చేపల పులుసును కదపనే వద్దు. పళ్లు వదులైన వయసులో చేప మెత్తని, తేలిగ్గా అరిగే ప్రొటీన్. అలవాటైన రుచి పోతే పెద్దవాళ్లు తినడమే తగ్గిస్తారు.

పిల్లలు పాలు, పెరుగు, పప్పులు, పల్లీలు సరిగా తింటే శాకాహారంతోనూ చక్కగా ఎదుగుతారు. బాబు పొట్ట చిన్నది. పీచుతో నిండిపోయి తగినన్ని కేలరీలు అందకపోవచ్చు కాబట్టి పప్పన్నంలో నెయ్యి, సాయంత్రం సున్నుండో నువ్వులుండో ఇవ్వండి. పాప నెలసరి వయసులో ఉంది. రోజుకు 30 మిల్లీగ్రాముల దాకా ఐరన్ కావాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకుంటోందో లేదో అడగండి. చాలామంది పిల్లలు దాన్ని నోట్లో వేసుకోకుండా జేబులో వేసుకుంటారు. గుడ్డు విషయంలో నా మాట ఒకటే. ఉంటే సులువు, లేకుంటే కష్టమేమీ లేదు కానీ శ్రద్ధ కావాలి. దొంగచాటు ఆమ్లెట్ మాత్రం వెంటనే ఆపండి. తండ్రికి తెలియకుండా తినాలని నేర్చుకున్న పిల్లలు రేపు బండి మీద చికెన్ పకోడీ కూడా అలాగే తింటారు.

డబ్బు లెక్క చిన్నదే. మీల్‌మేకర్, పల్లీలు, శనగలు, పెసలతో ప్రొటీన్ కోడికూర కన్నా చవకగానో సమానంగానో వస్తుంది. రోజూ పనీర్, జీడిపప్పు కూరలు అంటే మటుకు బిల్లు పెరుగుతుంది, నూనె కూడా. అసలు ఖర్చు మీ చేతులది. నానబెట్టడం, రుబ్బడం, రెండు వంటలు, రెండు రకాల గిన్నెలు. నిర్ణయం ఆయనది, చాకిరీ మీది అయింది. దీన్నే సర్దాలి.

భోజనాల దగ్గర కాకుండా, పిల్లలు పడుకున్నాక మాట్లాడండి. ఇలా అనొచ్చు: "ఏమండీ, మీరు మానేయడం నాకూ సంతోషమే. మీ పళ్లెంలోకి మాంసం, గుడ్డు రానివ్వను, పూజగది దగ్గరికీ రానివ్వను. అత్తయ్య చేపలు మానాలంటే మీరే ఆవిణ్ని అడగండి, మధ్యలో నన్ను పెట్టకండి. పిల్లలకు మూడు నెలలు గుడ్డు ఉంచుదాం, తర్వాత వాళ్లనే అడుగుదాం. రాత్రి పప్పులు నానబెట్టడం, పొద్దున పెసరట్టు పిండి రుబ్బడం మీరు చేయండి." ఈ చివరి మాట వదలకండి. తన ఆహార నియమానికి తానూ ఒక పని చేసే మనిషికే దాని బరువు తెలుస్తుంది.

రోజూ వండేది ఒకే శాకాహార వంట. చేపలు, గుడ్లకు వారంలో రెండు రోజులు, ఒక మూకుడు, ఒక గిన్నె, వీలైతే పెరట్లోనో బాల్కనీలోనో ఇండక్షన్ పొయ్యి. ఆ గిన్నెలకు వేరే పీచు, వేరే అర. ఆ రెండు రోజులూ మీ వారికి కూర వేరుగా చేయాల్సిన పని లేదు, పప్పు, పెరుగు ఎలాగూ ఉంటాయి. ఆయన "ఇంట్లో వాసనే వద్దు" అంటే అత్తయ్యకు కర్రీ పాయింట్ నుంచి పులుసు తెచ్చే బాధ్యత ఆయనదే.

ఈ మూడు నెలలు మొదలుపెట్టే ముందు మీరు, మీ వారు, పాప రక్తపరీక్ష, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష), బి12 చేయించుకోండి. ఆయనకు లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) కూడా. మూడు నెలలకు మళ్లీ చూస్తే ఎవరి వాదన ఎంతవరకు నిజమో కాగితం మీద ఉంటుంది. మీరు మాత్రం నెలకే హిమోగ్లోబిన్ చూపించుకోండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. మాత్రలు సరిగా వేసుకున్నా పెరగలేదంటే నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో గైనకాలజిస్టుకు చూపించండి. రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారో, ఎన్ని రోజులు అవుతోందో, గడ్డలు పడుతున్నాయో లేదో రాసిపెట్టుకుని వెళ్లండి.