సొట్ట పడిన ట్యాంకు, మాట వినని మడ్‌గార్డు: పాత బండ్ల రేకు పనిపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో 1978 నాటి బుల్లెట్ 350 ఉంది. ట్యాంకు ఎడమ పక్క, మోకాలి రబ్బరుకు పైన నిమ్మకాయంత సొట్ట పడింది. ఒక షాపులో గాలి పట్టి లోపలి నుంచి తోస్తామన్నారు. ఇంకోచోట పుట్టీ పెట్టేస్తే సరిపోతుందన్నారు. మూడోచోట కొత్త ట్యాంకు కొనుక్కోమన్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఆ మూడూ వద్దు. ఉన్న ట్యాంకునే బాగుచేయించుకోండి. బజార్లో దొరికే కొత్త ట్యాంకుల వంపు చాలావరకు పాతదానితో సరిపోదు. బండి పక్కన నిలబడి చూస్తే ఆ తేడా కంటికి కొడుతుంది.

గాలి ఎందుకు వద్దో లెక్క చూడండి. ట్యాంకు పక్క భాగం 20 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం 800 చదరపు సెంటీమీటర్లు. ఒక్క బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. మొత్తం 800 కిలోల తోపు ఆ రేకు మీద పడుతుంది. సొట్ట చుట్టూ రేకు ముడతపడి గట్టిపడి ఉంటుంది కాబట్టి అది కదలదు. మెత్తగా ఉన్న మంచి భాగాలు, ఫ్రేమ్ మీద కూర్చునే అడుగు గాడి ముందు ఉబ్బుతాయి. సొట్ట అలాగే ఉంటుంది, ట్యాంకు మాత్రం మళ్లీ బండి మీద కూర్చోదు. అతుకులు పగిలితే పక్కనున్న మనిషికే ప్రమాదం. నీళ్లు నింపి గడ్డకట్టించే పద్ధతిలోనూ ఇదే చిక్కు. నీరు మంచు అయ్యేటప్పుడు 9 శాతం దాకా పెరుగుతుంది, ఆ తోపు సొట్టను వెతుక్కుంటూ వెళ్లదు.

సరైన పని బయటి నుంచి లాగడం. దానికంటే ముందు పెట్రోలు సంగతి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. మూత తీసి ఎండలో పెట్టినంత మాత్రాన అది పోదు. పెట్రోలు ట్యాప్ విప్పి, వేడినీళ్లు, బట్టల సబ్బు పొడితో కనీసం మూడుసార్లు కడగాలి. కడిగాక కూడా లోపలి తుప్పు పొరల్లో, చిల్లులు మూయడానికి ఎప్పుడో లోపల పూసిన సీలర్ కింద పెట్రోలు దాగి ఉంటుంది. వేడి తగిలితే మళ్లీ ఆవిరవుతుంది. అందుకే వెల్డింగ్ అయినా గ్యాస్ మంట అయినా, పని చేసే చోటుకు కాస్త కింది దాకా ట్యాంకులో నీళ్లు నింపి, మూత తీసే ఉంచి చేయాలి. ఈ మాట వినని షాపులో మీ ట్యాంకు ఇవ్వకండి.

రంగు గీకేముందు ట్యాంకు మీది బంగారు గీతల మీద బటర్ పేపర్ పరిచి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. చెన్నై తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తో గీసేవారు. ఏ స్టిక్కరూ మీ ట్యాంకు గీతతో సరిగ్గా కలవదు.

తర్వాత సొట్ట మేరకే రంగు తీసి, స్పాటర్ మెషీన్‌తో (కరెంటుతో చుక్క వెల్డింగ్ చేసే యంత్రం) చిన్న వాషర్లు అతికించి, స్లైడ్ హామర్‌తో (కడ్డీ మీద జారే బరువుతో గుంజే పనిముట్టు) లాగుతారు. అసలు నేర్పు వరసలో ఉంది. దెబ్బ మొదట తగిలింది నడిమధ్యన. చుట్టూ ఉన్న గట్టు ఆఖరున ఏర్పడింది. ఆఖరున వచ్చిన ముడత ముందు పోవాలి, లోతైన నడిమి చోటు చివరికి రావాలి. అందుకని వాషర్లు అంచు నుంచి గుండ్రంగా లోపలికి వేసుకుంటూ రావాలి. ఒకరు లాగి పట్టుకుంటే, ఇంకొకరు చిన్న సుత్తితో గట్టు మీద మెల్లగా తట్టాలి. గట్టు దిగుతుంటే సొట్ట సగం దానంతటదే పైకి వస్తుంది. తొందరపడి నడిమధ్యన ఒక్క వాషర్ వేసి గుంజితే అక్కడ రేకు మొటిమలా లేస్తుంది, చుట్టూ గట్టు మిగిలిపోతుంది. తుప్పుకు పల్చబడిన రేకయితే వాషర్‌తో పాటు ఊడి చిల్లు పడుతుంది.

అసలు మట్టానికి అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు తగ్గేలా ఆపండి. పల్లం నింపవచ్చు. పైకి లేచిందాన్ని ఆకురాయితో అరగదీస్తే రేకు పల్చబడుతుంది.

మిగిలిన పల్లానికి పాత పద్ధతి సీసం. 30 పాళ్లు తగరం, 70 పాళ్లు సీసం ఉన్న కడ్డీ 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై, సుమారు 255 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఈ మధ్యలో అది వెన్నలా ఉంటుంది, మైనం రాసిన చెక్కతో పరచవచ్చు. ముందు రేకుకు కళాయి పట్టించాలి. పని అయ్యాక ఫ్లక్స్‌ను (కళాయి పట్టడానికి రేకు మీద పూసే మందు) వంట సోడా నీళ్లతో కడగాలి. లేకపోతే కొన్ని నెలల్లో రంగు కింద పొక్కులు లేస్తాయి. సీసాన్ని గ్రైండర్‌తో రుద్దకండి, ఆ దుమ్ము విషం. ఆకురాయితోనే దింపండి. పుట్టీ అయితే ఒక మిల్లీమీటరు పొరకు తప్పు లేదు. మందంగా పెడితేనే సింగిల్ సిలిండర్ అదురుకు అంచుల దగ్గర విడిపోతుంది, ఆ సందులో తేమ చేరి కింద తుప్పు పడుతుంది.

వాషర్ అతికిన ప్రతిచోటా రేకు లోపలి వైపు మాడి ఉంటుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది. లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నింపి ఒక రాత్రి ఉంచండి. పారబోసి, వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి. రంగు వేసేముందు కిరసనాయిలు పోసి, బయట సుద్దపొడి రాసి రాత్రంతా వదిలేస్తే, సూదిమొన చిల్లు ఉన్నా సుద్ద మీద మరక తేలుతుంది. చిల్లు కనిపిస్తే మళ్లీ కడిగి నీళ్లు నింపి టాకా వేయించండి. రెసిన్ పూసి సరిపెట్టకండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, చాలా పాత రకం రెసిన్లు దానికి మెత్తబడతాయి.

ప్రశ్న: మైసూరులో తయారైన జావా మాది. ట్యాంకు పక్కన క్రోమ్ భాగంలోనే సొట్ట ఉంది. క్రోమ్ పోకుండా తీయగలమా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: క్రోమ్ పగలకుండా, సొట్ట లోతు తక్కువగా ఉంటే ఒక్క దారి ఉంది. పెట్రోలు పోసే రంధ్రంలోంచి మొన గుండ్రంగా ఉన్న వంపు కడ్డీ దూర్చి, లోపలి నుంచి మెల్లమెల్లగా నొక్కించండి. వేడి చేయకూడదు, వాషర్లు అతికించకూడదు. రెండింటికీ క్రోమ్ నీలం తిరుగుతుంది. ఇప్పటికే వెంట్రుక గీతలు కనిపిస్తుంటే దాన్ని కాపాడాలని చూడకండి. పైన మెరిసే క్రోమ్ మైక్రాన్‌లో మూడో వంతే ఉంటుంది. కింద 20 మైక్రాన్ల దాకా ఉండే నికెలే తుప్పును ఆపేది. నికెల్ పగిలితే ఆ చోటు ఎలాగూ తుప్పుపడుతుంది.

అప్పుడు వరస ఇది: ప్లేటింగ్ షాపులో క్రోమ్, నికెల్ రెండూ తీయించాలి, ఆ తర్వాతే రేకు పని, ఆపైన రాగి, నికెల్, క్రోమ్. క్రోమ్ పడే చోట పుట్టీ అసలు పనికిరాదు, దాని గుండా కరెంటు పోదు కాబట్టి లోహం పట్టదు. గుంట మిగిలితే ఇత్తడి పోయించి ఆకురాయితో సమం చేయించండి. షాపుకు రెండు మాటలు గట్టిగా చెప్పండి: ఆమ్లం లోపలికి పోకుండా రంధ్రాలన్నీ రబ్బరు బిరడాలతో మూయాలి, బఫింగ్ తక్కువ చేయాలి. అద్దంలా మెరవాలని ఎక్కువ రుద్దితే అంచుల దగ్గర రేకు అరిగి అచ్చు గీతలు మాసిపోతాయి.

ప్రశ్న: రాజ్‌దూత్ 175 వెనక మడ్‌గార్డు సొట్ట తీశారు. ఇప్పుడు వేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కుమని లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తోంది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కింద డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) పెట్టి సరిగ్గా దాని మీదే సుత్తితో బాదారు. రెండు ఇనుముల మధ్య రేకు నలిగి సాగింది. సాగినదానికి కూర్చునే చోటు లేక అటూ ఇటూ గంతులేస్తోంది. ఇంకా కొడితే ఇంకా సాగుతుంది.

దాన్ని కుదించాలి. బాగా ఉబ్బిన చోట శనగ గింజంత చుక్కను సన్నని గ్యాస్ మంటతో దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా కాల్చాలి. వేడికి ఆ చుక్క పెరగాలని చూస్తుంది, చుట్టూ చల్లటి రేకు దారివ్వదు, కాబట్టి పైకి బుడిపెలా లేస్తుంది. కింద డాలీ ఆనించి బుడిపెను రెండు మూడు తేలిక దెబ్బలతో కూర్చోబెట్టాలి. ఎరుపు తగ్గాక తడిగుడ్డ అద్దాలి. చల్లారేటప్పుడు అది చుట్టూ ఉన్న రేకును తనవైపు లాక్కుంటుంది. ఒక చుక్క పూర్తిగా చల్లారాక వేలితో నొక్కి చూసి, అప్పుడే రెండోది. పెద్ద చుక్క కాలిస్తే మడ్‌గార్డే మెలిక తిరుగుతుంది. ఇక ముందు సొట్ట తీయించేటప్పుడు డాలీ పల్లం కింద, సుత్తి పక్కనున్న గట్టు మీద పడేలా చూసుకోండి.

స్టే (మడ్‌గార్డును పట్టి ఉంచే కడ్డీ) బోల్టుల దగ్గర చీలిక ఉంటే దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, గ్యాస్ లేదా టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే) వెల్డింగ్ చేయించండి. మిగ్ (తీగ దానంతటదే వచ్చి కరిగే వెల్డింగ్) అతుకు గట్టిగా పెళుసుగా ఉంటుంది, సుత్తికి లొంగదు.

ప్రశ్న: బుల్లెట్ హెడ్‌లైట్ చుట్టూ ఉండే కాస్కెట్ కింద పడి నొక్కుకుపోయింది. సుత్తితో సరిచేయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సుత్తి ముట్టుకోకండి. అది రేకు కాదు, పోత అల్యూమినియం. సాగదు, పగులుతుంది. వేడి చేద్దామన్నా అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. అప్పటిదాకా మామూలుగా కనిపించి 660 డిగ్రీల లోపే కూలిపోతుంది. చిన్న నొక్కయితే ఆకురాయితో సమం చేసి రంగు వేయించండి. టైగర్ ల్యాంపుల (హెడ్‌లైట్‌కు రెండు పక్కలా ఉండే చిన్న దీపాలు) దగ్గర అంచు విరిగితే, రంగూ జిడ్డూ పూర్తిగా తీసి, సిలికాన్ కలిసిన 4043 కడ్డీతో టిగ్ వెల్డింగ్ చేయించవచ్చు. ఫోర్క్ గొట్టాలు బిగిసే రంధ్రాల దగ్గర పగులు ఉంటే మాత్రం అతుకు వద్దు, కాస్కెట్ మార్చాల్సిందే. హ్యాండిల్ బరువు, బ్రేకు తోపు అంతా మోసేది ఆ చోటే.

ప్రశ్న: పాత బండి కొనేటప్పుడు రంగు కింద పుట్టీ ఎంతుందో తెలిసేదెలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఒక చిన్న అయస్కాంతం, కొన్ని మామూలు జెరాక్స్ కాగితం ముక్కలు తీసుకెళ్లండి. రేకు బాగుందనిపించిన చోట ఒక్కో ముక్క పెంచుకుంటూ, అయస్కాంతం ఎన్ని కాగితాల మీదుగా నిలుస్తుందో లెక్కపెట్టండి. అనుమానం ఉన్న చోట అదే చేయండి. ఒక్కో కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు. మొదటిచోట 15 కాగితాలకు నిలిచి రెండోచోట 3కే జారిపోతే, అక్కడ ఒక మిల్లీమీటరు పైనే పుట్టీ ఉంది. కాగితం లేకపోయినా నిలవకపోతే ఆ చోట రేకు ఉందో లేదో లోపలి వైపు నుంచి టార్చి వేసి చూడండి.