పడేదెవరు, తుడిచేదెవరు: షార్ట్ ఫిల్మ్ తీస్తున్న మా మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన లింకు మొన్న రాత్రి చూశా, మీ అత్తయ్య కూడా పక్కనే కూర్చుని చూసింది. 14 నిమిషాల సినిమాలో ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మూడుసార్లు జారి పడ్డాడు, రెండు చెంపదెబ్బలు తిన్నాడు, ఒకసారి బకెట్ నెత్తిన బోర్లించుకున్నాడు. మొదటిసారి పడ్డప్పుడు నేను గట్టిగానే నవ్వా, అబద్ధం చెప్పను. రెండోసారికి మీ అత్తయ్య "పాపం ఆయనకి దెబ్బ తగల్లేదు కదా" అంది. మూడోసారికి పాలు పొంగుతున్నాయంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. స్టవ్ మీద పాలేమీ లేవు.

టైమింగ్ ప్రాబ్లమా మావయ్యా అని ఫోన్లో అడిగావు కదా, టైమింగ్ బానే ఉంది, ఆ వేసినాయన ఎవరో గానీ ఒళ్ళు భలే వంచుతున్నాడు. తేడా ఎక్కడ కొట్టిందో చెప్తా, కాస్త పెద్ద ఉత్తరమే అవుద్ది, ఓపిగ్గా చదువు. మద్రాసులో కొన్నాళ్ళు, తర్వాత హైదరాబాద్‌లో, మొత్తం పాతికేళ్ళ పైనే క్లాప్ కొట్టడం దగ్గర్నుంచి కామెడీ ట్రాకులు సెట్ చేయించడం దాకా చేశా, పేరైతే రాలేదు గానీ పడ్డవాళ్ళని లేపడం మాత్రం బాగా వచ్చింది.

చాప్లిన్ 1917లో ది అడ్వెంచరర్ అని రెండు రీళ్ళ సినిమా తీశాడు, జైలు నుంచి పారిపోయిన ఖైదీ గొప్పింటి పార్టీలో దూరతాడు. అక్కడ బాల్కనీలో ఐస్‌క్రీం తింటుంటే అది జారి ముందు వీడి ప్యాంట్లో పడుద్ది, అక్కణ్ణుంచి కింద కూర్చున్న ఓ దర్జా అయిన పెద్దావిడ మెడ వెనక పడుద్ది. మరుసటేడు ఒక పత్రికలో వ్యాసం రాస్తూ, ఆవిడ మెడలోనే ఎందుకు వేశాడో వివరంగా చెప్పాడు. జనంలో ఎక్కువమంది లేనోళ్ళు, ఉన్నోళ్ళ దర్జాకి చిన్న దెబ్బ తగిలితే వీళ్ళకి లోపల్లోపల హాయిగా ఉంటుంది, అదే ఐస్‌క్రీం ఇల్లు కడిగే పనిమనిషి మెడలో పడితే నవ్వు రాదు జాలి పుడుద్ది, ఆమెకి పోగొట్టుకోడానికి దర్జా అనేది లేదు కాబట్టి, ఇంచుమించు ఇదీ ఆయన చెప్పిన మాట. నీ వాచ్‌మన్ సంగతి సగం ఇక్కడే తేలిపోయింది చూడు, అందరి కంటే కిందున్నవాణ్ణి ఇంకా కిందకి తోస్తే నవ్వు ఎక్కణ్ణుంచి ఊడిపడుద్ది?

సగమే అన్నా, ఎందుకంటే ఆ ఆఖరి ముక్కతో నాకు పేచీ ఉంది. పనిమనిషికి దర్జా లేకపోవచ్చు, అభిమానం లేకుండా పోద్దా? దర్జా అనేది కుర్చీతో, కారుతో, ఇస్త్రీ బట్టలతో వచ్చేది, కాలుజారితే పోద్ది. అభిమానం అలా కాదు. ఇది నాకంటే చాప్లిన్‌కే బాగా తెలుసు, ఏడేళ్ళ వయసులో లండన్‌లో అనాథల్నీ దరిద్రుల్నీ పెట్టే వర్క్‌హౌస్‌కి పోయొచ్చిన మనిషి. 1925లో తీసిన ది గోల్డ్ రష్‌లో ఆకలికి బూటు ఉడకబెట్టుకుని తినే సీను ఉంటుంది చూడు (లికొరిస్ మిఠాయితో చేసిన బూటు అది), వాడు ఆకలేసిన కుక్కలా పీక్కుతినడు, పెద్ద హోటల్లో కూర్చున్న దొరబాబు లెక్క మేకుల్ని ఎముకల్లా చీకుతాడు, లేసుల్ని నూడుల్స్‌లా ఫోర్కుకి చుట్టుకుంటాడు. అక్కడ నవ్వు తెప్పిస్తున్నది వాడి దరిద్రం అనుకుంటున్నావా, కాదు, తన దరిద్రంతో ఏమీ సంబంధం లేనట్టు వాడు మెయింటైన్ చేస్తున్న మర్యాద. ఆ డ్రెస్ కూడా అంతేగా, టైటు కోటు లూజు ప్యాంటు చిన్న టోపీ పెద్ద బూట్లు, చేతికర్ర ఒకటి, పెద్దమనిషి సామానంతా ఉంది, ఒక్కటీ సైజు కుదరదు. కాబట్టి వాచ్‌మన్‌తో కామెడీ చెయ్యొద్దని కాదు నేను చెప్పేది, వాడికి లేనిదాన్ని చూపించి నవ్వించకు, వాడు వదలనిదాన్ని చూపించి నవ్వించు.

ఇక మనవాళ్ళ దగ్గరికొద్దాం. నువ్వు రిఫరెన్సుగా బ్రహ్మానందం చెంపదెబ్బల క్లిప్పులు పంపావు. వాటికంటే ముందు అహ నా పెళ్ళంట, 1987, జంధ్యాల గారిది, మళ్ళీ కూర్చుని చూడు, సౌండ్ మ్యూట్‌లో పెట్టి చూడు. కోట పిసినారి యజమాని, బ్రహ్మానందం అరగుండు, అంటే పనోడు. అందులో యజమాని బట్టలు అరిగిపోతాయని పేపరు చుట్టుకుంటాడు, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తింటాడు, మరి ఆ పనోడేం చేస్తున్నాడో గమనించావా? ముందు వంగి ఉంటాడు, యజమాని అటు తిరగ్గానే వీడి మొహం మారిపోద్ది, లోపల తిట్టుకుంటాడు, ఆయన ఇటు తిరిగేసరికి మళ్ళీ వంగిపోతాడు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులున్నట్టు ఉంటాడు. హాల్లో జనం విరగబడి నవ్వింది ఆ రెండో మనిషిని చూసే, ఎందుకంటే మనందరికీ ఆఫీసులో అదే బతుకు. అధికారం అంటే కొట్టే చెయ్యి ఒక్కటే కాదురా, ఎవరి ముందు ఎవరు నవ్వొచ్చు అనేది కూడా అధికారమే. పైవాడు ఎవణ్ణి చూసైనా నవ్వొచ్చు, కిందవాడు నవ్వు మింగాలి, ఆ మింగడాన్ని కెమెరాకి చూపించగలిగితే నీకు డైలాగే అక్కర్లేదు.

గుండమ్మ కథ (1962)లో ఎన్టీఆర్ నౌకరు వేషంలో రుబ్బురోలు ముందు కూర్చుని పాట పాడుకుంటూ పిండి రుబ్బుతాడు, ఆ సీనుకి మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పడీపడీ నవ్వేది. ఎందుకంత నవ్వని ఒకసారి అడిగితే, అంత పెద్దింటి కొడుకు అవస్థ చూడరా అంది. వాడు మారువేషంలో ఉన్న డబ్బున్నోడని మనకి తెలుసు కాబట్టి అది వేడుక. మీ అమ్మమ్మ రోజూ అదే రోలు ముందు కూర్చుంటే మాత్రం మాకెవరికీ నవ్వు రాలేదు, మాకది కనపడనే లేదు. మాయాబజార్ (1957)లో రేలంగి లక్ష్మణకుమారుడు కూడా చూడు, పెళ్ళిపందిట్లో ఆ రారాజు కొడుకు కాలుని పెళ్ళికూతురు తొక్కితే వాడు కెవ్వుమంటాడు, ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని చుట్టూ ఉన్నోళ్ళకి తెలీదు, వాళ్ళకి సుకుమారమైన శశిరేఖే కనపడుద్ది. అంత అధికారం ఉన్నోడు తన కాలి నొప్పి కూడా ఎవరితో నమ్మించుకోలేడు. 1957 కంటే చాలా ముందునుంచే ఉంది ఇది మనకి, తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ గంభీరంగా నడుస్తుంటే మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి ఒకళ్ళనొకళ్ళు బాదుకుని ఊళ్ళో పెద్దోళ్ళ మీద చురకలేసి పోయేవాళ్ళు, పగటివేషగాళ్ళు కూడా అంతే.

కానీ అంతా ఇంత బాగానే ఉందని చెప్తే నేను అబద్ధమాడినట్టే. చాలాకాలం మన సినిమాల్లో పనోడంటే ఓ యాస పెట్టేవాళ్ళు, తెలంగాణదో శ్రీకాకుళానిదో, పొట్టిగానో నల్లగానో లావుగానో ఉన్నోణ్ణి తెచ్చేవాళ్ళు, తన్నేవాళ్ళు, అయిపోయింది కామెడీ. కులం పేరు ఎవరూ ఎత్తరు గానీ పేరు, యాస, కట్టు బొట్టు చూస్తే హాల్లో అందరికీ తెలిసిపోద్ది. కోట, బాబూమోహన్ జోడీ తన్నులు నేనూ ఎంజాయ్ చేశా, కాకపోతే అక్కడ తన్నులు తిన్నోడు మళ్ళీ లేచి ఇంకో తిక్కపని చేసి తన్నినోణ్ణి ఏడిపిస్తాడు, లెక్క సరిపోద్ది. వాళ్ళని చూసి కాపీ కొట్టినోళ్ళు తన్ను ఒక్కటే తీసుకున్నారు, లేవడం వదిలేశారు.

నేనూ ఆ తానులో గుడ్డనే. సినిమా పేరు వద్దు గానీ, ఒకసారి ఇంటి ఓనరు పాత్ర పనోణ్ణి చెంపదెబ్బ కొట్టే షాట్. మామూలుగా చెయ్యి చెంప పక్కనుంచి పోద్ది, కెమెరా యాంగిల్ అతుకు కలుపుద్ది, చప్పుడు తర్వాత వేస్తారు, నటన అంతా తినేవాడిది, తల తిప్పే క్షణం వాడు పట్టుకోవాలి. ఆరోజు కొట్టే ఆర్టిస్టుకి అది కుదర్లేదు, "నిజంగా కొట్టెయ్యండి సార్, ఒక్కటేగా" అని సెట్లో ఎవరో అన్నారు, ఆ తినే మనిషి రోజు కూలికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు, ఏమంటాడు, తలూపాడు. ఆరు టేకులైంది. ప్రతి టేకుకీ యూనిట్ మొత్తం నవ్వింది, నేనూ నవ్వా, నా చేతిలో క్లాప్ బోర్డు ఉంది. ఆరో టేకు అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, సార్ బాగా వచ్చిందా అని అడిగాడు, చెంప కమిలిపోయి ఉంది. తెర మీద ఏ సంబంధం చూపిస్తున్నామో సెట్లో కూడా అదే నడుస్తోందని నాకు అప్పుడు తట్టలేదు, బస్సులో ఇంటికెళ్తుంటే తట్టింది. అందుకే నీ వాచ్‌మన్ రెండో చెంపదెబ్బ సౌండ్ వినగానే అడుగుతున్నా, అది నిజంగా కొట్టించావా? కొట్టించి ఉంటే ముందు ఆయనకి ఫోన్ చేసి సారీ చెప్పు, తర్వాత మిగతాది చదువు.

ఇప్పుడు నీ సీను. వాచ్‌మన్ తుడుస్తాడు, జారతాడు, ఫ్లాట్లవాళ్ళు నవ్వుతారు, కట్. నువ్వు రాసిందాన్లోనే ఓ మంచి మనిషిని వృథా చేశావు, అసోసియేషన్ సెక్రటరీని. ఆయన మొదట్లో వచ్చి ఫ్లోర్ అద్దంలా మెరవాలని క్లాసు పీకి వెళ్ళిపోతాడు. ఆయన్నే వెనక్కి తీసుకురా. తెల్ల ప్యాంటు వెయ్యి. చేతిలో ఫోను, ఎవరితోనో గొప్పగా మాట్లాడుతూ వచ్చి తను తుడిపించిన చోటే జారతాడు. ఇక్కడిదాకా ఎవడైనా రాస్తాడు, పెద్ద విశేషమేం లేదు. పడ్డాక 10 సెకన్లు నాకు కావాలి. కిందపడ్డ మనిషి ముందు దెబ్బ చూసుకోడు, ఎవరైనా చూశారా అని చూస్తాడు. అక్కడ వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. వాచ్‌మన్ చటుక్కున పైకి చూస్తాడు, ట్యూబ్‌లైట్ ఎప్పట్నుంచో కొట్టుకుంటున్నట్టు, అదే తన జీవితంలో అతిపెద్ద సమస్య అయినట్టు. లేపడానికి చెయ్యివ్వాలా? ఇస్తే చూసినట్టు ఒప్పుకోవాలి, ఇవ్వకపోతే ఉద్యోగం. ఆ చెయ్యి సగం దాకా వచ్చి ఆగాలి. సెక్రటరీ తనంతట తాను లేచి, కావాలనే కూర్చున్నట్టు టైల్ మీద వేలు రాసి చూసి, "ఇక్కడ సరిగ్గా తుడవలేదు" అని వెళ్ళిపోతాడు. వాచ్‌మన్ మాప్ తీసుకుంటాడు. ఎవరు పడ్డా తుడిచేది వాడే కదా. ఆ ఆఖరి షాట్లో వాడి భుజాలు నవ్వుకి కదలాలి, మొహం మాకు చూపించకు, వీపు చాలు.

కెమెరా సంగతి. నువ్వు పడ్డ ప్రతిసారీ మొహం క్లోజప్ వేశావు, దానికి తోడు బొయ్యిమని ఓ సౌండు. తీసెయ్ రెండూ. చాప్లిన్, ఆ మూకీల కాలంలోనే ఇంకో కమెడియన్ బస్టర్ కీటన్, ఇద్దరూ వీలైనంత మటుకు తల నుంచి పాదాల దాకా మనిషి మొత్తం కనపడేట్టు ఫ్రేము పెట్టేవాళ్ళు, కట్ చేస్తే ఒళ్ళు చేసే పని ముక్కలైపోద్ది కాబట్టి. ఇంకో కారణం నాది, వైడ్‌లో పెడితే పడ్డోడూ, చూసేవాడూ, మధ్యలో దూరమూ ఒకేసారి కనపడతాయి, పెద్దా చిన్నా తేడా అంతా ఆ దూరంలోనే ఉంటుంది. సింగీతం గారి పుష్పక విమానం (1987) చూడు, రెండు గంటల సినిమాలో ఒక్క డైలాగు లేదు. నిరుద్యోగి స్టార్ హోటల్ గదిలో దూరి డబ్బున్నోడిలా బతుకుతుంటాడు, మెత్తటి పరుపు, ఏసీ, ఎంతకీ నిద్ర పట్టదు, తను ఉండే లాడ్జి పక్క సినిమాహాలు ఫైటింగుల మోతకి అలవాటుపడ్డ ఒళ్ళు మరి, చివరికి ఆ మోతని రికార్డు చేసుకొచ్చి పెట్టుకుంటే గానీ కన్ను మూతపడదు. లేమి మనిషి చెవిలో కూడా ఎలా కూర్చుంటుందో అంతకంటే బాగా చూపించినోళ్ళని నేను చూళ్ళేదు. నువ్వు కూడా నీ వాచ్‌మన్ దగ్గర రెండ్రోజులు కూర్చో, సోఫా చూపించి కూర్చోమంటే ఎంత అంచున కూర్చుంటాడో, లిఫ్టులో ఓనరుంటే ఎక్కుతాడా మెట్లెక్కుతాడా, చెప్పులు ఎక్కడ విప్పుతాడో చూడు. మా చిన్నప్పుడు ఊళ్ళో పెద్దాయన ఎదురైతే కండువా భుజం మీంచి చంకలోకి పోయేది, ఇప్పుడు కండువా లేదు, ఆ కదలిక మాత్రం ఎక్కడికీ పోలేదు, వెతుకు.

షూటింగు రోజు పడేచోట నిజంగా తడి ఉంచకు. మెరుపు కెమెరాకి దగ్గర్లో ఉంటే చాలు, పడేవాడి కాళ్ళ కింద పొడిగా ఉండాలి, జారడం ఆయన చెయ్యాలి గానీ నేల చెయ్యకూడదు. ముందు పరుపు మీద రిహార్సల్ చేయించు, సెక్రటరీ వేసే ఆయన వయసెంతో కనుక్కో, 50 దాటితే కూర్చునే పడటం ప్లాన్ చెయ్, పూర్తిగా వెల్లకిలా వద్దు. తెల్ల ప్యాంట్లు మూడు కొను, రెండో టేకుకి మరకతో పనికిరాదు. ప్యాంటు లోపల మోకాళ్ళకి తొడిగే ప్యాడ్లు వేయించు, మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పికని కొని వాడకుండా బీరువాలో పడేసిన జత ఒకటుంది, రేపు కొరియర్ చేస్తా, నీ రూమ్ అడ్రస్ పిన్‌కోడ్‌తో సహా పెట్టు.

మీ మావయ్య