పెల్లెట్ పొయ్యి కీచుమంటూ మధ్యలో ఆగిపోతుంటే ముందు గాలి దారి చూడండి

గుణుపురం నుంచి అడిగిన చెల్లెమ్మకు,

మీరు రాసింది ఇదీ: ఇంట్లో పిండివంటలు చేసి అమ్మడానికి పెట్టుకున్న పెల్లెట్ పొయ్యి (చెక్కపొట్టునో ఊకనో గట్టిగా నొక్కి చేసిన గుళికలు కాల్చేది) వానలు పడ్డ దగ్గర్నుంచి కీచుమంటోంది, ఒక్కోసారి టకటకలాడుతోంది. వెలిగించిన అరగంట లోపే మంట సన్నబడి, బీప్ కొట్టి ఆగిపోతోంది. వచ్చిన మెకానిక్ "సెన్సర్ పోయింది, రెండు వైర్లు కలిపేస్తే ఇక ఆగదు" అన్నాడు. కలిపించమంటారా అని మీ ప్రశ్న.

కలిపించొద్దు. మిగతాదంతా తీరిగ్గా చదువుకోండి గానీ ఈ మాట మాత్రం ముందు వినండి. మీ పొయ్యి వెనక సన్నటి రబ్బరు గొట్టం తగిలించి ఉన్న చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. మెకానిక్ సెన్సర్ అన్నది దాన్నే, ప్రెషర్ స్విచ్ అంటారు. పొగ బయటికి సరిగ్గా పోతోందా లేదా అని కనిపెట్టడమే దాని పని. పోవడం లేదని తెలిస్తే పెల్లెట్లు పడటం ఆపేస్తుంది. వైర్లు కలిపేస్తే ఆ కాపలా పోతుంది. గాలి చాలకపోయినా పెల్లెట్లు పడుతూనే ఉంటాయి, మంట లేకుండా మగ్గుతాయి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలవుతాయి. ఆ తర్వాత మనిషి లేవలేడు. వానాకాలం, కిటికీలు మూసి ఉంటాయి, పక్క గదిలో పిల్లలు పడుకుని ఉంటారు. ఈ విషయంలో మెకానిక్ దగ్గర మొహమాటపడొద్దు. పెల్లెట్ తొట్టి పక్కనే వేడి చూసే సెన్సర్ ఇంకొకటి ఉంటుంది. నిప్పు వెనక్కి పాకి తొట్టిలోకి పోకుండా చూసేది అదే. దాన్నీ ఎవరూ ముట్టుకోకూడదు.

మాది పర్లాకిమిడి. మా ఇంట్లోనూ ఇదే పని. మా ఆవిడా వదినా కలిసి జంతికలు, అరిసెలు, సున్నుండలు చేస్తారు, పొయ్యి బాగోగులు నావి. అంతకుముందు చాలాకాలం రైస్ మిల్లులో మోటార్ల పని చేశాను కాబట్టి యంత్రం చప్పుడు వింటే ఏ భాగం ఇబ్బంది పడుతోందో కొంత తెలుస్తుంది. మీరు రాసిన లక్షణాలు మా పొయ్యికీ వచ్చాయి. సెన్సర్ ఒక్కసారీ కారణం కాలేదు. చప్పుడూ ఆగిపోవడమూ రెండు జబ్బులు అనుకుంటాం గానీ, చాలాసార్లు రెండింటికీ మూలం ఒకటే: గాలి వెళ్లే దారి పూడుకుపోవడం, లేదా పెల్లెట్ చెడిపోవడం.

ఈసారి ఆగిపోయినప్పుడు వెంటనే మళ్లీ స్టార్ట్ నొక్కకండి. పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్ తీసి, నిప్పు గిన్నెలోకి చూడండి. కాలని పెల్లెట్లు, సగం నల్లబడ్డవి కుప్పగా ఉన్నాయంటే గాలి అందలేదన్నమాట. గిన్నె ఖాళీగా ఉంటే పెల్లెట్లే రాలేదు. బూడిద అంచుదాకా ఉండి, అడుగున బూడిద కరిగి గట్టిపడిన చిట్టెం ఉంటే గిన్నె రంధ్రాలు మూసుకున్నాయి. ఈ మూడింటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే. కుప్పగా ఉన్న పెల్లెట్లు తీసేయకుండా మళ్లీ వెలిగించడం మాత్రం ప్రమాదం. లోపల పొగ నిండి, ఒక్కసారిగా అంటుకుని ఢబ్బుమంటుంది, తలుపు అద్దం పగిలిపోవచ్చు. పొయ్యి లోపలంతా పొగ, మంట మాత్రం లేదు అన్నప్పుడు పొయ్యి తలుపు తెరవకండి.

ఇప్పుడు చప్పుళ్లు. కీచుమనేది ఆగి ఆగి వస్తోందా, ఆగకుండా వస్తోందా? ఇది చెవి పెట్టి వినండి. ఆగర్, అంటే తొట్టిలోని పెల్లెట్లను గిన్నెలోకి తోసే, మరమేకులా చుట్లున్న ఇనప కడ్డీ, కొన్ని సెకన్లు తిరిగి కొన్ని సెకన్లు ఆగుతుంది. కీచు కూడా అదే లయలో వస్తుంటే తప్పు ఆగర్‌దే. పెల్లెట్ల పొడి కడ్డీకీ గొట్టానికీ మధ్య ఇరుక్కుని గట్టిపడుతుంది, మోటారు దాన్ని ఈడ్చుకుంటూ అరుస్తుంది. తొట్టి మొత్తం ఖాళీ చేసి, అడుగున పేరుకున్న పొడి గోకి తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. అప్పుడప్పుడు టక్కుమనడం పెల్లెట్ విరిగిన చప్పుడు, దానికి భయం అక్కర్లేదు. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ రేకులు టిక్కుటిక్కుమంటాయి, అదీ మామూలే.

ఆగకుండా సన్నగా ఊళ వేస్తున్నట్టు ఉంటే ఫ్యాన్ బేరింగ్. గడగడలాడుతూ పొయ్యి మొత్తం అదురుతుంటే ఫ్యాన్ రెక్కల మీద మసి ఒకవైపు ఎక్కువగా పేరుకుంది, లేదా రెక్కను షాఫ్ట్‌కి బిగించే స్క్రూ వదులైంది. పొగ లాగే ఫ్యాన్ విప్పి చూడండి. పొడి బ్రష్‌తో రెక్క రెక్కా తుడిచి, స్క్రూ బిగించి పెడితే ఆ అదురుడు పోతుంది. మసి పట్టిన రెక్క గాలిని సరిగ్గా లాగలేదు కాబట్టి ప్రెషర్ స్విచ్ పొయ్యిని ఆపడం కూడా అక్కడితో ఆగిపోవచ్చు. బేరింగ్‌లో కొబ్బరి నూనె, ఆముదం పోయకండి. వేడికి జిగురైపోయి ఇంకా పట్టేస్తుంది. సీల్ చేసిన బేరింగ్ అయితే నూనె పనే లేదు, మార్చడమే. వేడి పొయ్యి దగ్గర స్ప్రే డబ్బా అసలే వద్దు.

ఆ సన్న రబ్బరు గొట్టం కూడా తీసి ఊది చూడండి, స్విచ్ వైపు మాత్రం ఊదొద్దు. లోపల మసో, పురుగో ఉంటుంది. కొన్నాళ్లు పొయ్యి వాడకుండా ఉంచితే బయటి పొగగొట్టం మూతిలో కందిరీగలు మట్టి గూడు కట్టేస్తాయి. మన వైపు ఇది చాలా మామూలు. పొయ్యి తలుపు సందులోంచి గాలి పోకుండా చుట్టూ ఉన్న గ్యాస్కెట్ తాడు నలిగిపోయినా స్విచ్ ఇలాగే ఆపుతుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, ఇట్టే వచ్చేస్తే తాడు మార్చాలి.

పెల్లెట్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బాధ వానలతో మొదలైందన్నారు. మంచి పెల్లెట్ నున్నగా మెరుస్తుంది, విరిస్తే టక్కున విరుగుతుంది. చెమ్మ పట్టినది వేళ్ల మధ్య నలుగుతుంది. చెమ్మ పది శాతం దాటితే మంట మందగిస్తుంది, పొగ పెరుగుతుంది, పొడి ఎక్కువ రాలుతుంది. బస్తా నేల మీద పెట్టకండి, చెక్క పలక మీద, గోడకు దూరంగా పెట్టండి. విప్పిన బస్తాలోవి మూతున్న డ్రమ్ములో పోసుకోండి. తొట్టిలో పోసే ముందు జల్లెడ పట్టండి. ఇది విసుగు పనే గానీ ఆగర్ కీచుకు ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు. చెమ్మ పెల్లెట్లు తొట్టిలో ఒకదానికొకటి అతుక్కుని గూడు కట్టి నిలిచిపోతాయి కూడా. పైన తొట్టి నిండుగానే కనిపిస్తుంది, కింద గిన్నె మాత్రం ఖాళీ.

ఏ సరుకుతో చేసిన పెల్లెట్టో అమ్మేవాళ్లను అడగండి. మంచి చెక్కపొట్టు పెల్లెట్లలో బూడిద ఒక శాతం అటూఇటూ. ధాన్యపు ఊకలో పదిహేను నుంచి ఇరవై శాతం దాకా ఉంటుంది, అందులో చాలాభాగం సిలికా. ఊక పెల్లెట్ చౌకగా దొరుకుతుంది, చెడ్డదీ కాదు. కానీ చెక్కపొట్టుకు తగ్గట్టు చేసిన గిన్నెలో దాన్ని వాడితే ఒక పూటలోనే రంధ్రాలు పూడిపోతాయి. మీరు అరగంటకే ఆగుతోందన్నప్పుడు నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. ఊకదే వాడక తప్పకపోతే వంట మధ్యలో ఒకసారి ఆపి, చల్లార్చి, గిన్నె దులపాల్సిందే.

ఇంకో సంగతి. జీడిపప్పుకు పేరున్న పలాస దగ్గర్లోనే ఉంది కదా అని జీడి తొక్కలు తెచ్చి పెల్లెట్లలో కలిపేవాళ్లు మా వైపు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. జీడి తొక్కలో ఘాటైన నూనె ఉంటుంది, చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కాలినప్పుడు ఆ పొగ కళ్లు మండిస్తుంది, తారులా ఫ్యాన్ రెక్కలకీ పొగగొట్టానికీ అంటుకుంటుంది. ఆ జిడ్డు గొట్టంలోనే నిప్పంటుకునే భయం ఉంది. పైగా మీరు చేసేది తినే వస్తువు.

కరెంటు కూడా చూసుకోండి. 230 వోల్టులు రావాల్సిన చోట సాయంత్రం పూట బాగా పడిపోతే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, స్విచ్ ఆపేస్తుంది. పొద్దున బాగా పనిచేసి సాయంత్రమే మొరాయిస్తుంటే మల్టీమీటర్ పెట్టి చూపించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడే మోటారు గుయ్యిమంటోందా? అయితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. మోటార్లకు అది పడదు, వేడెక్కుతాయి. ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలి. ఇన్వర్టర్ అసలు లేకపోతే కరెంటు పోగానే ఫ్యాన్ ఆగి పొగ ఇంట్లోకి తన్నుతుంది. అప్పుడు ఇంటి తలుపూ కిటికీ తెరిచి అందరూ బయటికి రావాలి, బాణలి సంగతి తర్వాత.

బూడిదను మూతున్న ఇనప డబ్బాలో పోసి ఇంటి బయట పెట్టండి. చల్లారినట్టే కనిపించినా లోపల కణకణలాడే నిప్పు మర్నాటిదాకా ఉండగలదు, ప్లాస్టిక్ బకెట్ వద్దు. వంటగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

గొట్టం, ఫ్యాన్, గిన్నె, గ్యాస్కెట్, పెల్లెట్, వోల్టేజీ అన్నీ సరిగ్గా ఉండి కూడా ఆగుతుంటే అప్పుడు స్విచ్ మార్పించండి. అంతే రేటింగ్‌ది కొత్తది వేయించండి, వైర్లు కలిపి కాదు. ఆగిన తర్వాత గిన్నెలో ఏం కనిపించిందో, వాడుతున్నది ఏ పెల్లెట్టో ఇక్కడే రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.