మీ పాప కఫంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందన్నారు కదా. మాత్రలుండగా పీల్చే యాంటీబయాటిక్ ఎందుకని అడిగారు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడి పేరుకుపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న మా అబ్బాయికీ తొమ్మిదేళ్ల వయసులో ఇదే రాశారు. టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 28 రోజులు వాడి 28 రోజులు ఆపాలి. ఆ మందు మింగితే ఒంటికి దాదాపు పట్టదు. నరానికి ఎక్కిస్తే చెవులకూ మూత్రపిండాలకూ భయం. పీలిస్తే ఊపిరితిత్తుల్లో దండిగా చేరుతుంది, రక్తంలోకి కొద్దిగానే వెళ్తుంది. మీరడిగినదానికి జవాబు ఇంతే.

ఇక నా గోడు వినండి. మూడు వారాలు పెట్టినా వాడి దగ్గు తగ్గలేదు. మందు మార్చమని పోట్లాడటానికే వెళ్లాను. అక్కడి ఫిజియోథెరపిస్టు వాదనకు దిగలేదు. "ఇంట్లో ఎలా పెడతారో ఇక్కడ చేసి చూపించండి" అన్నారు. ముందు యాంటీబయాటిక్ పెట్టాను. అది అయ్యాక నెబ్యులైజర్‌తో (మందును తుంపరగా మార్చి పీల్పించే యంత్రం) ఉప్పునీరు. వాడు దగ్గి దగ్గి చిక్కటి ఆకుపచ్చ కఫం గిన్నెలోకి ఉమ్మాడు. ఆవిడ ఆ గిన్నెను నా వైపు జరిపి, "మీ మందు ఇదిగో, ఇందులో ఉంది" అన్నారు.

ఊడ్వకుండా అలుకుతూ వచ్చానన్నమాట! శ్వాసనాళాలు తెరిచే మందు, ఆ తర్వాత ఉప్పునీరు, ఆపైన కఫం తీసే వ్యాయామం, చిట్టచివర యాంటీబయాటిక్. వరుస అదట. చీటీలో మోతాదు రాస్తారు, వరుస రాయరు. రెండు ముక్కలు రాస్తే చెయ్యి అరిగిపోతుందా? నన్నడిగితే, మందు పనిచేయలేదనే కొన్ని ఇళ్లలో తప్పు ఈ వరుసదే కావచ్చు.

కడగడం ఇంకో బాధ. పెట్టిన ప్రతిసారీ నెబ్యులైజర్‌లో మందు పోసే గిన్నె సబ్బునీళ్లతో కడగాలి, మరిగించదగిన రకమైతే ఐదు నిమిషాలు మరిగించాలి, పూర్తిగా ఆరనివ్వాలి. మరిగించాక కుళాయి నీళ్లతో తొలిపితే ఏ క్రిమిని చంపుతున్నామో దాన్నే మళ్లీ పిలిచినట్టు. ఇంత చేస్తుంటే "కాస్త ఆవిరి పడితే పోయేదానికి ఇంత హడావుడా" అనే చుట్టాలొకరు.

మొదటి మోతాదు ఆసుపత్రిలోనే పెట్టించండి, కొందరికి ఛాతీ పట్టేస్తుంది. గొంతు బొంగురుపోవడం ఈ మందుతో మామూలే. చెవిలో హోరు వినిపిస్తోందని పాప అంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు చెప్పండి.